నీళ్లు ఊగని టెంకాయ

పుల్లయ్యను టిప్పర్ గుద్దింది మంగళవారం. అతను పంపిన చీర కర్నూలు చేరింది బుధవారం పొద్దున.

పాతబస్తీ సందులో 'నాగలక్ష్మమ్మ హ్యాండ్లూమ్స్' అని ఓ కొట్టుంది. కింద ఎమ్మిగనూరు చీరలు నిజంగానే అమ్ముతారు, బేరాలు కూడా నిజంగానే ఆడతారు. మేడ మీద మాత్రం దేశానికి సంబంధించిన వ్యవహారాలు నడుస్తాయి. ఆ మేడ మీద చీఫ్ జ్ఞానేశ్వర్ చీర మడతలు మరోసారి విప్పాడు. లోపల బొటనవేలంత బొగ్గుముక్క, ఒక జిరాక్స్ కాగితం.

"యాక్సిడెంట్ అని రాసుకున్నారు" అన్నాడు చీఫ్. "టిప్పర్ రివర్స్‌లో వచ్చిందట. రెండు సార్లు."

ఎదురుగా ఏజెంట్ మునీంద్ర కూర్చుని ఉన్నాడు. లోపలి కబుర్లు పంపడానికి పుల్లయ్యను గని కంపెనీలో డ్రిల్లింగ్ హెల్పర్‌గా చేర్పించింది తనే. 'నాలుగు నెలలే, తర్వాత ఇంటికి పోదువు' అని భుజం తట్టి మరీ పంపాడు. నిన్నటి నుంచి అతనికి అన్నం సయించడం లేదు.

"బ్రీఫింగ్ విను. సిరి కోల్ ప్రాజెక్ట్. ఓర్వకల్లు దాటాక ఎద్దులగుట్ట అనే ఊరు. తవ్వబోయేది మూడు వేల ఎకరాల ఓపెన్‌కాస్ట్ గని, ఆరు వందల అడుగుల లోతు గొయ్యి. పెట్టుబడి విదేశాలది. రెండు ల్యాబులు బొగ్గు మేలురకం అని సర్టిఫై చేశాయి. కానీ ఆ కంపెనీ వెనక ఉన్న గూఢచారుల రింగు మనకు పాత పరిచయం. వాళ్లకు కావలసింది బొగ్గు కాదని నా అనుమానం. ఎద్దులగుట్ట అవతలే మన కొత్త రాడార్ స్టేషన్ ఉంది."

"గని అంటే కంచె ఉంటుంది, పేలుడు మందుకు లైసెన్సు ఉంటుంది, ఫారిన్ ఇంజనీర్లు ఉంటారు. ముప్పై ఏళ్లు ఎవరూ ఏమని అడగరు. గట్టు మీద యాంటెన్నా పెట్టుకుని రాడార్ సిగ్నల్స్ తీరిగ్గా వినొచ్చు" అన్నాడు మునీంద్ర.

"ప్రూఫ్ లేదు. రేపు మధ్యాహ్నం పన్నెండుకు ప్రజాభిప్రాయ సేకరణ ముగుస్తుంది. ఆఫీసరు సంతకం పెడితే భూమి వాళ్లది. ఈ కాగితాన్ని పొద్దున్నే ఫొటో తీసి మన ఎక్స్‌పర్టులకు పంపాను. తప్పేం లేదన్నారు."

మునీంద్ర జిరాక్స్ అందుకున్నాడు. ఏడో నంబరు బోరు రిపోర్టు. ఏ లోతులో ఏ రాయి తగిలిందో అడుగు అడుగునా రాసుంది. బొగ్గు తగిలింది నాలుగు వందల పది అడుగుల దగ్గర. అంతకు చాలా పైన ఒక చిన్న గడి దగ్గర అతని వేలు ఆగింది.

నీరు తగిలిన లోతు: యాభై ఎనిమిది అడుగులు.

అతనికి నవ్వొచ్చింది. పుల్లయ్య గుర్తొచ్చి ఆ నవ్వు సగంలోనే చచ్చిపోయింది.

"సార్, మీ ఎక్స్‌పర్టులది ఏ ఊరు?"

"ఢిల్లీ. ఏం?"

"మాది కమలాపురం. యాభై ఎనిమిది అడుగులకు నీళ్లు పడితే ఎద్దులగుట్టలో ఆ బోరుకు గుడి కట్టేవాళ్లు. ఈ బోరు వేసింది ఎక్కడో నది పక్కన, అసలైన బొగ్గు గనిలో. ఆ రిపోర్టూ ఆ బొగ్గూ తెచ్చి ఇక్కడివని చూపిస్తున్నారు. నీళ్ల గడి మార్చడం మరిచిపోయారు. వాళ్ల దేశంలో నీళ్లు ఎవరికీ వార్త కాదు కదా."

చీఫ్ కాగితం మడిచి చీరలో పెట్టాడు. "ఇది నువ్వూ నేనూ నమ్మితే చాలదు. ఏడో నంబరు బోరులోకి కెమెరా దిగాలి. ఇంకో మాట. కంపెనీ పబ్లిక్ రిలేషన్స్ చూసే క్రిస్టినా మన మనిషే. వాళ్ల మనిషి కూడానూ. ఈ వారం ఎవరి మనిషో నాకు తెలీదు. కోడ్ నీకు తెలుసు. జవాబు సరిగ్గా రాకపోతే వెనక్కి వచ్చెయ్."

*

మధ్యాహ్నం మూడింటికి ఎద్దులగుట్ట చేలల్లోకి ఒక నీళ్లు చూసే మనిషి నడిచొచ్చాడు. మాసిన పంచె, నుదుట విభూది, అరచేతిలో పిలక ఉన్న టెంకాయ. భూమిలో నీళ్లున్న చోట అరచేతిలో అడ్డంగా పడుకున్న టెంకాయ నిటారుగా లేస్తుందని ఆ సీమలో నమ్ముతారు. నమ్మనివాళ్లు కూడా బోరు వేసే ముందు ఒకసారి పిలిపిస్తారు. అలాంటి మనిషి ఏ చేనులో తిరిగినా ఎందుకని అడిగేవాడు లేడు. డిపార్ట్‌మెంట్ వాళ్లు ఆ కాయను రెండుగా కోసి, పిలక లేని కొనలో కెమెరా, చిన్న లైటు, కడుపులో బ్యాటరీ, చిన్న మోటారు పెట్టి అతుకు కనబడకుండా అంటించారు. బొటనవేలితో నొక్కితే కాయ లేస్తుంది.

చేను కాశన్నది. అరవై దాటిన మనిషి. వేపచెట్టు కింద భార్య బసమ్మతో కూర్చుని ఉన్నాడు.

"ఏమప్పా, యాడ నుంచి వస్తాండావు?"

"కమలాపురం నుంచి పెద్దాయనా. నీళ్లు చూస్తాం."

"రేపు భూమే పోతాది. ఇంక నీళ్లెందుకు?"

"చూడనీలే" అంది బసమ్మ. "చూస్తే పొయ్యేదేముండాది?"

మునీంద్ర నడిచాడు. యాభై గజాల దూరంలో ఏడో నంబరు బోరు, దాని మీద తాళం వేసిన ఇనుప మూత, చుట్టూ నలుగురు గార్డులు. కాశన్న పక్కనే నడుస్తూ తన బోర్లు చూపించాడు. ఐదు. ఒక్కోదాని మీదా ఒక్కో బండ కప్పి ఉంది.

"ఇది ఆరు వందలు. ఇది ఏడు వందల యాభై. ఆ కడాది ఎనిమిది వందల ఇరవై. దుమ్ము తప్ప ఏమీ రాల్యా."

"కంపెనీ బోరేసేటప్పుడు చూసినావా?"

"గుడ్డలు కట్టి లోపల లోపలే ఏసినారు. మమ్మల్ని రానీల్యా. నాలుగు వందల అడుగుల్లో బొగ్గుండాదంట." కాశన్న ఆగాడు. "నీకు తెలీదులేప్పా. ఊర్లో నన్ను ఎండుబోర్ల కాశన్న అంటారు. నా భూమిలో ఏదో ఒకటి ఉండాదని ఇన్నేండ్లకు ఒకడు చెప్పినాడు. నీళ్లు గాకపోతే బొగ్గు. నాకు అది శానా."

ఆ ఒక్కటీ లేదని రుజువు చేయడానికే మునీంద్ర వచ్చాడు. అప్పుడే గార్డు ఒకడు ఈలవేసి ఇటు నడవడం మొదలుపెట్టాడు. అక్కడ ఆగినందుకు ఏదో కారణం కావాలి. బొటనవేలితో నొక్కాడు. కాయ నిటారుగా లేచింది.

"ఈడ ఉండాది" అన్నాడు. "మూడు వందల అడుగులు."

గార్డు ముఖం చిట్లించి వెనక్కి పోయాడు. బసమ్మ మాత్రం ఊరుకోలేదు. ఇంట్లోంచి పసుపు తెచ్చి, ఒక రాయికి పూసి, ఆ చోట పెట్టి దండం పెట్టింది. పాతికేళ్ల సర్వీసులో మునీంద్ర చాలా అబద్ధాలు చెప్పాడు. దేనికీ ఎవరూ పసుపు పూయలేదు.

దుమ్ము లేపుకుంటూ జీపు వచ్చి ఆగింది. దిగిన మనిషిని చూసి గార్డులు చొక్కాలు సర్దుకున్నారు. నల్లకళ్లద్దాలు, బూడిదరంగు నేత చీర, ఆ ఎండలో కూడా చెదరని జుట్టు. క్రిస్టినా.

"కాయ ఇలా ఇవ్వండి స్వామీ. మా ఎం.డి. గారికి ఇలాంటివి సరదా."

"బనగానపల్లె కాయ కాదమ్మా ఇది, తినేకి" అన్నాడు మునీంద్ర. అది కోడ్. జవాబు 'ఈ ఏడు పూత రాలిపోయింది' అని రావాలి.

రాలేదు. ఆమె కాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. మునీంద్ర చెయ్యి పంచె మడతలోని పిస్టల్ వైపు జరిగింది.

"ఇందులో నీళ్లు ఊగడం లేదే" అంది నెమ్మదిగా. కాయ పట్టుకుని జీపులోకి వెళ్లింది. రెండు నిమిషాల తర్వాత తెచ్చి చేతిలో పెట్టింది. "రేపు పదకొండున్నరకు గార్డులందరూ టెంటు దగ్గరే ఉంటారు. ఈ పక్కకు రావద్దు. కాళ్లు విరగ్గొడతారు."

మునీంద్ర ఓర్వకల్లు బస్టాండ్ నుంచి ఫోన్ చేస్తే చీఫ్ ఒకే మాట అన్నాడు. "ట్రాప్. వెళ్లకు."

*

వెళ్లాడు.

గురువారం పదకొండున్నర. బోరు దగ్గర నిజంగానే ఎవరూ లేరు. ఫర్లాంగు దూరంలో టెంటు, దాని ముందు కంపెనీ పెట్టిన ఎల్‌ఈడీ స్క్రీన్, నాలుగు మైకులు. ఎం.డి. ఇంగ్లీషు ప్రసంగం, దాని తెలుగు అనువాదం గాలిలో కొట్టుకొస్తున్నాయి. వెయ్యి ఉద్యోగాలు. ఆసుపత్రి. బడి.

మునీంద్ర తాళం కోసి ఫోన్ తీశాడు. సిగ్నల్ లేదు. కిలోమీటరు మేర జామర్ పెట్టారు. కెమెరా ఏం చూసినా అది చీఫ్‌కు చేరదు. ఇక్కడ వీడియో తీసుకుని కర్నూలు చేరేసరికి సంతకం సిరా ఆరిపోతుంది.

తాడు కట్టడానికి టెంకాయ పిలక విడదీశాడు. లోపల చుట్ట చుట్టిన కాగితం. పెన్సిల్ రాత, రెండే వరసలు.

'సిరి లైవ్. కంపెనీ సొంత నెట్‌వర్క్. స్క్రీన్ నా చేతిలో ఉంటుంది.'

'పాస్‌వర్డ్: పుల్లయ్య.'

అది దారో వలో తేల్చుకునే టైము లేదు. పాస్‌వర్డ్ కొట్టాడు. కనెక్ట్ అయింది. ముందు ఇనుప మూత మీది ఏడో నంబరు చూపించాడు. తర్వాత కాయను పక్కకు తిప్పి, పసుపు పూసిన రాయి చూపించాడు. అప్పుడు బోరులోకి దించాడు.

ఇరవై అడుగులు. నలభై. గోడ పొడి రాయి. యాభై ఎనిమిది దగ్గర కాస్త ఆగాడు. అక్కడ చెమ్మ కూడా లేదు.

మైకులో ఆఫీసరు గొంతు వినిపించింది. "అభ్యంతరాలు ఎవరికైనా ఉంటే చెప్పండి. లేకపోతే సంతకం చేస్తాను."

ఎవరూ లేవలేదు. ఎందుకు లేస్తారు? పదేళ్లుగా వానలేని ఊరు అది.

ఎనభై ఎనిమిది అడుగుల దగ్గర తాడు వదులైంది. కాయ అడుగున కూర్చుంది. చిత్రంలో పగలని బండ, దాని మీద ఒక సిగరెట్ పీక. నాలుగు వందల పది అడుగుల బోరు అంతటితో సరి.

టెంటు వైపు నుంచి గోల. ఎవరో ఇంగ్లీషులో అరిచారు, స్క్రీన్ ఆపమని. "సిస్టమ్ హ్యాంగ్ అయింది సార్" అని క్రిస్టినా గొంతు, చాలా మర్యాదగా. "సాంకేతిక లోపం" అని అనువాదకుడు అందుకున్నాడు. "ఆఫీసరు గారు సంతకం కానిస్తే..."

గార్డులు ఇద్దరు ఇటే పరిగెత్తుకొస్తున్నారు. మునీంద్ర పిస్టల్ తీసి బోరు పక్కనే కూర్చున్నాడు. అతను చేయగలిగింది అయిపోయింది. తెరమీద ఉన్నది ఏమిటో చదవగలిగిన మనిషి ఆ టెంటులో ఒక్కడైనా లేవాలి. లేస్తే ఆ మనిషి పోగొట్టుకునేదేమిటో కూడా అతనికి తెలుసు.

మైకు కీచుమంది.

"సారూ, పెన్ను రోంత కింద పెట్టు."

కాశన్న.

"ఐదు బోర్లేసినోన్ని. బోరు లోపల ఎట్లుంటాదో నాకు ఎవురూ చెప్పాల్సిన పన్లేదు. ఆ పసుపురాయి నిన్న మా ఆమె పెట్టింది. అది నా చేనే. ఆ బండ నా బోర్లన్నిట్లో తొంబై లోపలే తగిలింది. ఆ బోరు తొంబై అడుగులు గూడా దిగల్యా. నాలుగు వందల అడుగుల్లో బొగ్గు యాడ సూసినారు మీరు?" మైకు మళ్లీ కీచుమంది. "నా చేన్లో ఏమీ లేదు సారూ. నాకు తెల్సు. ఉండాదంటే నమ్మినా, అంతే."

తర్వాత వినిపించింది కుర్చీలు విరిగిన చప్పుడు. పరిగెత్తుకొస్తున్న గార్డులు మధ్యలోనే ఆగి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని, రోడ్డు వైపు పారిపోయారు.

ఎం.డి.ని విమానం మెట్ల మీద పట్టుకున్నారు. ఓర్వకల్లు ఎయిర్‌పోర్టు పక్కనే ఉండటం అతనికి ఆ రోజు కలిసిరాలేదు.

క్రిస్టినా ఎక్కడికీ పోలేదు. జీపు బానెట్ మీద కూర్చుని మునీంద్ర కోసమే చూస్తోంది. కళ్లద్దాలు తీసేసింది.

"కోడ్‌కు జవాబు ఎందుకు చెప్పలేదు?"

"తలుపు తీసున్న జీపులో వాళ్ల మైకు ఉంది." ఆమె రెండు చేతులూ ముందుకు చాపింది. "పుల్లయ్య పేరు వాళ్లకు చెప్పింది నేనే. ఎవరో ఒకరి పేరు చెప్పకపోతే నన్ను నమ్మేవాళ్లు కాదు. ఉద్యోగంలోంచి తీసేస్తారనుకున్నా. అంతకు మించి అనుకోలేదు."

మునీంద్ర ఆమెను తిట్టాలనుకున్నాడు. కానీ పుల్లయ్య భుజం తట్టి పంపిన చెయ్యి తనది. ఆ చేత్తోనే బేడీలు వేశాడు.

*

పది రోజుల తర్వాత బసమ్మ ఫోన్ చేసింది. నీళ్లు చూసే మనిషిగా అతనిచ్చిన నంబరు అది, ఆ పాటికి రద్దయి ఉండాల్సింది.

"సామీ, రిగ్గు పిల్చినాం. నువ్వు చూపిన తావులోనే. నువ్వూ రాకూడదా?"

నిజం చెప్పేద్దామనే మునీంద్ర బయల్దేరాడు. దారిపొడవునా మాటలు కూర్చుకున్నాడు. తీరా చేరేసరికి రిగ్గు అప్పటికే రొదపెడుతోంది, చేనంతా తెల్లటి దుమ్ము. కాశన్న తలగుడ్డతో ముఖం తుడుచుకుని అతని పక్కకొచ్చి నిలబడ్డాడు.

"నువ్వు పోలీసోనివని తెల్సులేప్పా. పేపర్లో ఏసినారు."

"మరి..."

"పోలీసోనివైతే ఏం? కాయ లేసింది గదా. నా కండ్లతో సూసినా." కాశన్న రిగ్గు వైపే చూస్తున్నాడు. "ఈ బోరన్నా ఊర్లో నా పేరు మారుస్తాదేమో సూస్తా."

మునీంద్ర కూర్చుకున్న మాటలు దాచుకుని వేపచెట్టు కిందికి జరిగాడు. మూడు వందల అడుగులు దాటాయి. బసమ్మ అతనికి మజ్జిగ ఇచ్చింది. నాలుగు వందలు దాటాయి. ఎవరూ అతన్ని ఏమీ అనలేదు. అంటే బాగుండునని అతనికి అనిపించింది.

ఫోన్ మోగింది. చీఫ్.

"కంగ్రాట్స్. రేపు బొంబాయి ఫ్లైట్, కొత్త అసైన్‌మెంట్. ఎద్దులగుట్ట ఫైలు క్లోజ్ చేస్తున్నా."

మునీంద్ర రిగ్గు మనిషి వైపు చూశాడు. అతను వేళ్లు చూపించి లెక్క చెప్పి, తల అడ్డంగా ఊపాడు.

"ఇప్పుడే చేయొద్దు సార్" అన్నాడు మునీంద్ర. "ఆరు వందల ఇరవై అడుగులు. ఇంకా దుమ్మే వస్తోంది."