తెల్ల ప్లాస్టర్ ముక్క

"అమ్మా! ఆవిడ మళ్ళీ వచ్చింది. నువ్వు గదిలోంచి కదలకు. నేను మాట్లాడి పంపించేస్తాను!"

కొడుకు గొంతు తగ్గించి అన్న ఆ మాటకి లైటమ్మ మంచం మీద లేచి కూర్చుంది. పెళ్ళిళ్ళలో భర్త ఫొటోలు తీస్తుంటే, పక్కన లైటు పట్టుకుని నిలబడీ నిలబడీ అసలు పేరు పోగొట్టుకున్న మనిషి ఆమె. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ పిలుపు వింటే నవ్వొచ్చేది. ఇప్పుడు పిలిచేవాళ్ళే లేరు! మంచం దిగి తలుపు తెర వెనక నిలబడింది. ఆయన పోయాక కొడుకు ఆ కెమెరాని అమ్మిన రోజు కూడా ఇక్కడే నిలబడింది... నోరు కుట్టేసుకుని!

"చూసుకునే కదండీ తీసుకెళ్ళారు?" బయట కొడుకు అంటున్నాడు. "మాది షాపు కాదు. ఇంట్లో ఉన్న పాత వస్తువు అమ్ముకున్నాం. ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతున్నామని ప్రకటనలోనే రాశాను. వాపసు లేదనీ రాశాను."

"ఉన్నది ఉన్నట్టన్నారు. ఏముందో మాత్రం చెప్పలేదు కదా బాబూ!"

వచ్చినావిడ బట్టలు కుట్టుకుని బతికే మనిషి. భుజాన కెమెరా సంచి, మెడలో తీయడం మరిచిపోయిన కొలత టేపు. చెల్లెలి పెళ్ళికి ఫొటోగ్రాఫరుని పెట్టుకునే స్తోమత లేక, తనే తీద్దామని ఈ కెమెరా కొనుక్కుంది. తీసింది కూడా, ఒక్క క్షణం నడుం వాల్చకుండా! తీరా చూస్తే పెళ్ళంతా పాలు ఒలికినట్టు తెల్లగా అలుక్కుపోయి ఉంది.

"ముందు నన్ను నేనే తిట్టుకున్నాను. మిషను తొక్కుకునేదానికి నాకెందుకొచ్చిన కెమెరా, నాకే చేతకాలేదు అనుకున్నా... బాగుచేసే ఆయన చూసి చెప్పాడు, లెన్సు అద్దం లోపల బూజు పట్టిందని. ఎప్పటినుంచో ఉందట! మీకు తెలియదా?"

"నాకేం తెలుస్తుంది? నేనేమన్నా ఫొటోగ్రాఫర్నా!"

వాడన్నది సగం నిజం. మిగతా సగం తెలిసిన మనిషి తెర వెనక నిలబడి ఉంది!

ఆయన ప్రతి ఆదివారం పొద్దున్నే కెమెరాని కిటికీ దగ్గర పెట్టేవాడు. "దీనికి గాలీ వెలుతురూ తగలాలే. పెట్టెలో మూసిపెట్టావో, లోపల బూజు పడుతుంది," అని ఎన్నిసార్లు చెప్పాడో! ఆయన పోయాక ఆ కిటికీ వంక చూడ్డానికే ఆమెకి ప్రాణం ఒప్పలేదు. ఆయన కప్పుకునే ఉన్ని శాలువాలోనే కెమెరాని చుట్టి, ట్రంకు పెట్టె అడుగున పెట్టి తాళం వేసింది. ప్రాణంలా దాచుకున్నాననుకుంది, పిచ్చితల్లి! అమ్మే ముందు బయటికి తీసి టార్చి వేసి చూస్తే, అద్దం అంచున సన్నని తెల్లదారాల్లా అల్లుకుపోయి కనిపించింది.

ఆయనకో అలవాటుండేది. పాత సామాను ఏది అమ్మినా, దెబ్బలకి వేసే తెల్ల ప్లాస్టర్ చిన్నముక్క కత్తిరించి, లోపం ఉన్నచోట అంటించేవాడు. "ముందు ఇది చూడండి, ధర తర్వాత మాట్లాడుకుందాం," అనేవాడు. తోటి ఫొటోగ్రాఫర్లు "ఏమయ్యా, కెమెరాకి జబ్బు చేసిందా?" అని ఆటపట్టించేవారు. "దీనికి చేసింది. కొన్నవాళ్ళకి చేయకూడదుగా!" అని ఆయన కూడా వాళ్ళతో కలిసి నవ్వేవాడు.

బూజు చూసిన రోజు లైటమ్మ కూడా ప్లాస్టర్ ముక్క కత్తిరించింది. అంటించింది కూడా. కొడుకు చూసి పీకేశాడు. "అమ్మే వస్తువుకి వంక మనమే చూపిస్తామా అమ్మా! చూసుకోవాల్సింది కొనేవాళ్ళు," అన్నాడు. ఆ వంక ఏమిటో అడగలేదు. ఆమె చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే... ఎవరితో చెప్పుకుంటుంది! ఉద్యోగం నుంచి వచ్చి "తిన్నావా? మందులు వేసుకున్నావా?" అని రెండు ముక్కలు తప్ప మాట్లాడని కొడుకు, ఆ సాయంత్రం మాత్రం ప్రకటన రాస్తూ ఆమె మంచం మీదే కూర్చున్నాడు. నాన్న కబుర్లు అడిగాడు. ఎన్నాళ్ళకో ఆ గదిలో రెండు గొంతులు వినిపించాయి! ఎదురు చెబితే లేచి వెళ్ళిపోతాడేమోనని భయపడింది. ఒక్క సాయంత్రం కబుర్ల కోసం ముక్కూ మొహం తెలియని మనిషిని ముంచేసింది!

"నేను డబ్బు కోసం రాలేదు బాబూ..." బయట ఆవిడ కెమెరా సంచి భుజం మీంచి దింపింది. "చెల్లి పెళ్ళయిన నెల తిరక్కుండానే మా అమ్మ పోయింది. ఆమె ఫొటోలు ఉన్నవన్నీ ఇవే. ఒక్కదాంట్లో కూడా ముఖం కనబడదు! ముందే ఒక్క మాట చెప్పుంటే, ఎవరి కాళ్ళో పట్టుకుని తీయించుకునేదాన్ని కదా!"

ఇక లైటమ్మ ఆగలేకపోయింది. తెర తోసుకుని బయటికొచ్చింది.

"అమ్మా! నువ్వు లోపలికెళ్ళు!"

"వెళ్ళను నాన్నా. చాలాకాలం లోపలే ఉన్నాను," అంది. తర్వాత ఆవిడ వైపు తిరిగింది. "అమ్మాయ్, వాడికేం తెలియదు. నాకు తెలుసు. బూజు చూశాను... చూసీ ఊరుకున్నాను!"

కొడుకు తల దించుకున్నాడు. ఆవిడ మాత్రం నివ్వెరపోయి చూసింది. "తెలిసే ఇచ్చారా? ఎందుకమ్మా?"

ఏం చెబుతుంది! ఆ రోజు మా అబ్బాయి నాతో మాట్లాడాడు, అందుకని, అంటుందా? ఆ మాట చెప్పుకోవడానికి కూడా ముఖం చెల్లలేదు.

"డబ్బు ఇప్పుడే ఇచ్చేస్తాను. దాంతో నీ నష్టం తీరదని తెలుసు. ఆ ఫొటోలు ఒక్కసారి నాకు చూపిస్తావా తల్లీ?"

ఇద్దరూ సోఫాలో పక్కపక్కన కూర్చుని కెమెరా వెనక చిన్న తెర మీదకి వంగారు. పెళ్ళి జరిగిన హాలు నిండా కిటికీలే. ఏ ఫొటో చూసినా ఎదురు వెలుగే. "వెలుగు ఎదురొచ్చినప్పుడే ఈ బూజు ముఖాల్ని మింగేస్తుంది. కిటికీ నీ వీపు వెనక ఉండగా తీసినవి వెతుకుదాం," అంది లైటమ్మ. ఒకటీ, ఇంకొకటీ, మరొకటీ... అన్నీ పాలే! ఆశ వదులుకునే వేళకి, ఓ చిన్నగది కనబడింది. పెళ్ళికూతురి జాకెట్టుకి ఊడిన గుండీ కుడుతూ, పంటితో దారం కొరుకుతోంది ఓ ముసలావిడ. కెమెరా వైపు చూడనే లేదు. కానీ ముఖం... నుదుటి ముడతలతో సహా స్పష్టంగా ఉంది!

"ఇది ఆ రోజే చెరిపేద్దామనుకున్నానమ్మా... అమ్మ ఇటు చూడలేదని! మళ్ళీ తిరిగి చూడనే లేదు."

ఆవిడ కెమెరాని గుండెకి అదుముకుని వెక్కివెక్కి ఏడ్చింది. లైటమ్మ ఆమె వీపు మీద చెయ్యి వేయబోయి, ఆ హక్కు తనకెక్కడిదని వెనక్కి తీసుకుంది.

వెళ్ళేటప్పుడు ఆవిడ లైటమ్మ ఇచ్చిన డబ్బూ, ఫొటోలున్న కార్డూ తీసుకుని, కెమెరా బల్ల మీద పెట్టింది. క్షమించానని అనలేదు. లైటమ్మా అడగలేదు. గుమ్మం దాటుతూ మాత్రం ఒక్క మాట అంది. "మీరు ఆ రోజే బయటికి రావాల్సిందమ్మా."

ఆ తర్వాత ఇంట్లో ఆ రెండు ముక్కలు కూడా కరువయ్యాయి. కొడుకు వస్తాడు, తింటాడు, తన గది తలుపు వేసుకుంటాడు. కోపమో, సిగ్గో! భయపడినంతా అయింది. అయినా విచిత్రంగా, లైటమ్మకి తెర వెనక నిలబడ్డ రోజంత ఒంటరిగా అనిపించలేదు. ఆదివారం పొద్దున్నే కిటికీ తెరిచి, కెమెరాని ఎండలో పెట్టి, ఎదురుగా మంచం మీద కూర్చుంది.

వెనక అడుగుల చప్పుడైంది. కొడుకు! చేతిలో కత్తెర, కొత్త ప్లాస్టర్ చుట్ట.

"నాన్న... ఎక్కడ అంటించేవాడమ్మా?"

ఆమె వాడి వేలు పట్టుకుని అద్దం అంచున పెట్టింది. వాడు ఆమె పక్కనే మంచం మీద కూర్చున్నాడు. కెమెరాని ముఖానికి దగ్గరగా పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నాకేం కనబడట్లేదమ్మా. కాస్త లైటు పట్టవూ?"

లైటమ్మ దిండు కింద టార్చి కోసం తడుముకుంది. కళ్ళ నిండా నీళ్ళు... ఒక పట్టాన దొరకలేదు.