పదకొండు గ్రూపులకు ఒక సారీ

మేడ్చల్‌లో ఓ ప్రైవేటు స్కూల్లో అశ్రిత కంప్యూటర్ టీచరు. తొమ్మిదో తరగతికి వారానికో పీరియడ్ ఇంటర్నెట్ మర్యాదలు నేర్పుతుంది. అడక్కుండా ఎవరి ఫొటో పెట్టొద్దనీ, నిజమో కాదో చూడకుండా ఏదీ పంపొద్దనీ పిల్లల చేత పదేసిసార్లు రాయిస్తుంది. అంతటి మహాతల్లి సోమవారం ఓ ఘనకార్యం చేసింది.

స్కూలు గేటు దగ్గర మాస్కు పెట్టుకున్న ఒకడు మూడు రోజులుగా ఓ పిల్లాడికి చాక్లెట్లు ఇస్తున్నాడు. మేడ మీది కంప్యూటర్ రూం కిటికీలోంచి ఫొటో తీసి, "పిల్లలను ఎత్తుకుపోయేవాడిలా ఉన్నాడు, జాగ్రత్త" అంటూ స్కూలు నంబరుతో తల్లిదండ్రుల గ్రూపులో పెట్టింది. నిమిషంలో నలభై దండాలు వచ్చాయి. టీచరమ్మకు కడుపు నిండిపోయింది.

బుధవారం ఆ మాస్కే స్టాఫ్‌రూంలోకి నడిచొచ్చింది.

"నమస్తే మేడమ్. పిల్లలను ఎత్కపోయెటోణ్ణి. పేరు బాలేష్. మీ కంప్యూటర్ రూం కిటికీలకెల్లి తీసిన ఫొటో సూసి వచ్చిన. కూసోవచ్చా?"

అశ్రిత గబుక్కున కుర్చీ జరిపింది.

"మూడో తరగతి దీక్షిత్ మా అక్క కొడుకు. జీడిమెట్లల మందుల కంపెనీల పనిచేస్త. డ్యూటీ దిగినంక మాస్కు తీసుడు మర్శిపోత, గంతే."

"సారీ అండి. ఇప్పుడే డిలీట్ చేస్త."

"చేయండి. నిన్న మా ఊరు గౌడవెల్లిల బండి ఆపి ఆధార్ కార్డు అడిగిన్రు. అడిగింది మా సొంత మేనమామ. శామీర్‌పేటల సంబంధం మాట్లాడుతుంటే వాళ్లు గూడ వద్దన్నరు. నాకేం వద్దు మేడమ్. పెట్టింది నేనే, తప్పు నాదే అని మీ పేరుతోని చెప్పండి."

అక్కడే ఉన్న ప్రిన్సిపాల్ జనార్ధన్ గారు వెంటనే అడ్డుపడ్డారు. "పేరు చెప్తే మీ ఉద్యోగం ఉండదమ్మా. ఇది అడ్మిషన్ల టైం."

దాంతో అశ్రిత తన పేరు లేకుండా "పై ఫొటోలోని వ్యక్తి మంచివారు" అని పెట్టింది. దాన్ని ఒక్కరూ ముందుకు పంపలేదు. ఫొటో మాత్రం పదకొండు గ్రూపులు తిరిగింది. రోజూ సాయంత్రం బాలేష్‌ను వెంటబెట్టుకుని ఒక్కో గ్రూపు అడ్మిన్ దగ్గరకు వెళ్లడం, బతిమాలడం ఆమె పనైంది. సుచిత్ర సెంటర్‌లో ఓ అపార్ట్‌మెంట్ పెద్దాయన నవ్వేశాడు. "మంచోడంటే ఎవరు సదువుతరు మేడమ్?"

వాన కురుస్తుంటే ఇద్దరూ హోటల్ రేకుల కింద చాయ్ తాగేవారు.

"దొంగతోని చాయ్ తాగుతున్నరు, ఎవరన్న ఫొటో తీస్తె?"

"మాస్కు పెట్టుకోండి, బాగుంటరు."

ఫొటో పన్నెండో గ్రూపుకు కూడా వెళ్లి ఉంటే బాగుండునని అశ్రితకు అనిపించసాగింది. ఇంటర్నెట్ బాధ్యత అంటే ఇదే కాబోలు.

పై వారం శుక్రవారం క్లాసులో భవాని లేచింది. "మేడమ్, గా అంకుల్ మంచోడంట గద. ఫొటో పెట్టినోళ్లకు ఏం శిక్ష?"

అశ్రిత చేతిలోని సుద్దముక్క బల్ల మీద పెట్టింది. ఉద్యోగం గుర్తొచ్చింది. ఆధార్ కార్డు తీసి మేనమామకు చూపిస్తున్న బాలేష్ గుర్తొచ్చాడు.

"పెట్టింది నేనే. తప్పు నాదే. మీకు నేర్పింది నేను చేయలే."

భవాని మెల్లగా అడిగింది. "మేడమ్, గీ మాట మళ్ల చెప్తరా? మా అమ్మ ఫోన్ బ్యాగుల ఉంది, వీడియో తీస్కోవచ్చా?"

"తీయి. అన్ని గ్రూపుల్ల పెట్టు."

టీచరు తప్పు చేసిందంటే రుచే వేరు. ఆ వీడియో గంటలో పదకొండు గ్రూపులూ చుట్టొచ్చింది. ప్రిన్సిపాల్ గారు మొదట ఉద్యోగం పీకేశారు. నిజాయితీ గల స్కూలని తల్లిదండ్రులు మెచ్చుకునేసరికి తిరిగి అతికించారు.

సోమవారం బాలేష్ తల్లి సత్యమ్మ కొడుకును వెంటేసుకుని వచ్చింది.

"శామీర్‌పేటోళ్లు మళ్ల ఫోన్ చేసిన్రు బిడ్డా. తప్పయింది, పిల్లనిస్తమన్నరు."

అశ్రితకు తన చేతులతో తనే పెళ్లి ఖాయం చేసినట్టయింది. "సంతోషమమ్మా" అంది నేలచూపులతో.

"ఏం సంతోషం? వీడు వద్దన్నడు. ఎందుకో చెప్తలేడు. మూడు రోజుల సంది ఫోన్ల నీ వీడియోనే సూస్తుండు."

బాలేష్ చెవులు ఎర్రబడ్డాయి. "మా అమ్మ అడగమంటాంది మేడమ్. మీకు ఇష్టమేనా?"

"ఇందాక సంతోషమని అబద్ధం చెప్పిన," అంది అశ్రిత. "పానం పోయినట్టయింది. నాకు మీరు గావాలె."

సత్యమ్మ కుర్చీ లాక్కుని స్థిమితంగా కూర్చుంది. "గట్ల చెప్పు. మీ నాయిన ఇంట్ల ఎప్పుడుంటడు?"