గుండీపూల మూల

ఆ రోజు ఉదయం ఇంట్లో ఉన్నది వీళ్ళు. పొయ్యి దగ్గర నస్తా తల్లి ఫ్లోరికా, బల్ల ముందు పెదనాన్న తొయాదెర్, ఆయన కొడుకులిద్దరూ, చీజు ముక్కలు కోస్తూ మేనత్త వరీకా, వసారాలో కొడవళ్ళకు పదును పెడుతూ తండ్రి గ్రిగోరె, అందరికీ మజ్జిగ పోస్తూ నస్తా. ఇంకొకరు కూడా ఉన్నారు. నస్తా జేబులోని అగ్గిపెట్టెలో, ఒక పువ్వులో ముడుచుకుని. దాని సంగతి నస్తాకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆ రోజు వాళ్ళ గడ్డిమైదానంలో సాయం కోత. చుట్టాలు వచ్చి కోసిపెడతారు, రేపు వాళ్ళకు వీళ్ళు వెళ్ళి కోస్తారు. పోయినేడు గడ్డివామి మీదినుంచి పడ్డప్పటినుంచి గ్రిగోరె కుడికాలు సరిగ్గా మడత పడదు. అందుకని ఈసారి ఆయనకు కూర్చుని చేసే పని మిగిలింది. పొడుగుపిడి కొడవలి అంచును చిన్న దాగలి మీద పెట్టి సుత్తితో సాగగొట్టడం. తెల్లవారకముందు నుంచీ ఆ టక్‌టక్ మోగుతూనే ఉంది.

నస్తాకు పదహారేళ్ళు. నలుగురిలో నోరు తెరవాలంటే చెవులు ఎర్రబడతాయి. కోతరోజున ఆడపిల్లలంతా పొలంలోనే ఉంటారు. ఈసారి మాత్రం తల్లి ముందురోజే చెప్పేసింది. "నువ్వు ఇంట్లో ఉండి సంకటి కలుపు. ఆ తడిమూల దగ్గర నిలబడి పురుగుల్ని చూస్తూ నవ్వుకుంటావు, చూసేవాళ్ళకు పిచ్చిదానిలా కనిపిస్తావు."

తడిమూల అంటే వాగు పక్కన, నేల ఎప్పుడూ చెమ్మగా ఉండే చోటు. అక్కడ సన్నని కాడల చివర ముదురెరుపు గుండీల్లాంటి పూలు పూస్తాయి. ఊళ్ళో వాటిని గుండీపూలంటారు. పశువులు పెద్దగా ఇష్టపడవు, ఆడపిల్లలు తలలో పెట్టుకోరు, ఎవరూ వంగి చూడరు. కిందటి నెలలో నస్తా వంగి చూసింది. ఒక పువ్వు మీద మసిబారిన నీలిరంగు సీతాకోకచిలుక వాలి ఉంది. రెక్కలు మూయగానే వాటి అడుగున నల్లచుక్కల వరుస, ఒక్కో చుక్కకూ తెల్లని అంచు. మోకాళ్ళ కింద నీళ్ళు ఊరుతున్నా ఆమెకు తెలియలేదు. పట్టణం నుంచి వచ్చే పుస్తకాల బండిలో తెచ్చుకున్న బొమ్మల పుస్తకం తెరిచి చూస్తే, అచ్చం అదే. అరుదైనదని రాసి ఉంది. అరుదైనది తమ గడ్డిలో, తాను రోజూ బాతుల్ని తోలుకుపోయే దారిలో. ఆ రాత్రి దుప్పటి కప్పుకుని ఊరికే నవ్వింది. ఎవరికి చెప్పాలో తెలియలేదు.

"తమ్ముడూ, ఇక చాలు, అరగదీసేశావు," తొయాదెర్ లోపలినుంచి కేక వేశాడు. గ్రిగోరె కర్ర ఊతంగా లోపలికి వచ్చి కూర్చున్నాడు.

"ఎండెక్కేసరికి మెరక అంతా అయిపోతుంది," అన్నాడు తొయాదెర్. "ఆఖరున తడిమూల. దాని గురించి నువ్వేం బెంగ పెట్టుకోకు. నీ బదులు నేనే కోసేస్తాను."

గ్రిగోరె సంకటి ముద్దను పుల్లమీగడలో అద్ది, నోట్లో పెట్టుకోకుండా అలాగే పట్టుకున్నాడు.

"ఆ మూల కొయ్యొద్దు," అంది నస్తా.

మాట తనదేనని గుర్తుపట్టడానికి ఆమెకే కాస్త సమయం పట్టింది. తొయాదెర్ చిన్నకొడుకు మజ్జిగ గొంతులో అడ్డుపడి దగ్గాడు.

"చూశావా వదినా, నోరుందమ్మా దీనికి," అంది వరీకా. "పదహారేళ్ళూ దాచుకుని ఇవాళ తీసింది."

"ఎందుకొద్దు?" గ్రిగోరె అడిగాడు.

నస్తా అగ్గిపెట్టె తీసి, గుండీపువ్వును బల్ల మీద పెట్టి, గోటితో విప్పింది. ఎర్రని రేకల మధ్య బియ్యపు నూకంత గులాబిరంగు పురుగు కదిలింది. అందరూ ముందుకు వంగారు.

"ఇది కొన్నాళ్ళలో కిందకు దిగుతుంది నాన్నా. ఎర్రచీమలు చూసి, తమ పిల్లే అనుకుని పుట్టలోకి మోసుకుపోతాయి. శీతాకాలమంతా లోపలే ఉంచి మేపుతాయి. వచ్చే ఎండల్లో నీలిరెక్కలతో బయటికొస్తుంది. ఇప్పుడు పూలు కోసేస్తే ఇది కిందకు దిగకముందే ఎండిపోతుంది."

"మరి చీమలకేం ఒరుగుతుంది?" పెద్దవాడు అడిగాడు.

"ఏం లేదు. ఇదే వాటి పిల్లల్ని తింటుంది."

"ఇంట్లో ఉండి తిని, రెక్కలు రాగానే ఎగిరిపోతుంది," వరీకా నవ్వింది. "నాకు అలాంటి అల్లుడొకడు ఉన్నాడులే."

అందరూ నవ్వారు. గ్రిగోరె కూడా నవ్వాడు. నస్తాకు ధైర్యం వచ్చింది.

"ముప్పై ఏళ్ళుగా ఆ మూల కోస్తున్నాను," అన్నాడాయన. "ఇవి ఎప్పుడూ కంటబడలేదే. ఈ ఏడే ఎక్కడినుంచి వచ్చాయి?"

"ఎప్పుడూ ఒకటీ అరా ఉండే ఉంటాయి. ఈసారి బోలెడున్నాయి. పోయినేడు నువ్వు కొయ్యలేదుగా."

నవ్వు ఆగిపోయింది. తొయాదెర్ టోపీ అందుకున్నాడు. కొడుకులు బల్ల కిందకు చూశారు. గ్రిగోరె ముద్దను పళ్ళెంలో పెట్టేసి, కర్ర అందుకుని బయటికి వెళ్ళిపోయాడు. నస్తా పువ్వును మళ్ళీ పెట్టెలో దాచింది. తానేం అనకూడని మాట అన్నదో ఆమెకు అర్థం కాలేదు.

కోతవాళ్ళు వెళ్ళిపోయారు. వరీకా నీళ్ళు మోసుకుని వాళ్ళ వెంట నడిచింది. వంటింట్లో ఆవిరి, ఈగలు, తల్లీకూతుళ్ళు. గోడకు అదిమినట్టు ఇరుకుగా ఉంది నస్తాకు. కిటికీలోంచి మెరక మీద వంగి లేస్తున్న తెల్లచొక్కాలు కనిపిస్తున్నాయి. వాటి వరుస ఒక్కో వేటుకూ వాగువైపు జరుగుతోంది.

"ఇటు చూడు, అటు కాదు. సంకటి అడుగంటుతోంది," అంది ఫ్లోరికా.

"అమ్మా, ఒక్కసారి వెళ్ళి పెదనాన్నకు చెప్పొస్తాను."

"ఏమని? మీ నాన్న పనికిరాడని ఊరికంతా మళ్ళీ చూపించమనా?"

"నేనా మాట అనలేదు."

"అన్నావు. బల్ల ముందు, అందరూ వింటుండగా అన్నావు." ఫ్లోరికా మూతను గట్టిగా పెట్టింది. "కోతలో చివరి చాలు, ఆ తడిమూల, ఇంటాయనే కోయాలి. ఆయన బతికుండగా ఇంకొకరు ముట్టరు. అందుకే పోయినేడు మీ పెదనాన్న దాన్ని ముట్టలేదు, తమ్ముడు లేచి కోసుకుంటాడులే అని. లేవలేదు. మంచు పడేదాకా ఆ మూలలో గడ్డి అలాగే నిలబడి ఉంది. గుడికి పోయే దారిలోంచి చూస్తే అదే కనబడుతుంది. మూల నిలబడి ఉన్నదంటే ఆ ఇంట్లో మగాడు లేడని. విధవల పొలాలే అలా ఉంటాయి. గుడి మెట్ల మీద ఎవరో అననే అన్నారు, గ్రిగోరె పని అయిపోయిందని. ఆయన విన్నాడు. చలికాలమంతా గుడి మొహం చూశాడా?"

"కాలు నొప్పన్నాడుగా."

"కాలే నొప్పి అనుకున్నావా?"

నస్తా చేతిలో కర్రగరిటె ఆగిపోయింది. చలికాలమంతా తండ్రి కిటికీకి వీపు పెట్టి కూర్చోవడం ఆమెకు గుర్తొచ్చింది. వెలుతురు కళ్ళలో పడుతుందని అనేవాడు. పూల మీద వాలిన నీలిరెక్కల్ని చూసి తాను అంతగా పొంగిపోయింది. అవి ఎదిగింది తండ్రి తల దించుకున్న చోటులోనే. ఒక్కసారిగా ఏడుపు తన్నుకొచ్చింది. మోచేత్తో కళ్ళు తుడుచుకుంటూ గరిటెతోనే వసారాలోకి పరుగెత్తింది.

గ్రిగోరె మెట్టు మీద కూర్చుని కొడవలికి పిడి బిగిస్తున్నాడు. అది ఆయన సొంత కొడవలి. ఏడాదిగా అటక మీద ఉన్నది.

"నాన్నా, పెదనాన్నను కోసెయ్యమను. మొత్తం కోసెయ్యమను. నాకేం వద్దు."

"ముక్కు తుడుచుకో ముందు," అన్నాడాయన. "మీ అత్త చేత మీ పెదనాన్నకు కబురు పెట్టాను, తడిమూల ముట్టొద్దని. అది నాది."

"ఆ వాలులో నీకు కాలు నిలవదు."

"నిలిచినంతసేపే నిలుస్తుంది. అందరూ చూస్తుండగా నాలుగు వేట్లు వేస్తాను. గుండీపూలు మొదలయ్యేచోట ఆపేస్తాను. ఆపడం వేరు, చేతకాకపోవడం వేరు. మిగిలింది చలిదాకా అలాగే నిలబడుతుంది."

"మళ్ళీ అంటారు నాన్నా."

"ఏడాదంతా ఊరికే అన్నారు. ఇప్పుడు కారణం ఉండి అంటారు." పిడిని ఒకసారి ఊపి చూసుకున్నాడు. ఇనుపఅంచు మీది దుమ్ము బొటనవేలితో తుడుస్తూ గొంతు తగ్గించాడు. "నేను మంచం మీద ఉన్నన్నాళ్ళూ ఆ మూలలో గడ్డి తప్ప ఏమీ లేదనుకున్నానే. అవన్నీ పుట్టల్లో పెరుగుతున్నాయా?"

"అవును నాన్నా."

"రా, చూపించు. నీ పూలు ఎక్కడ మొదలవుతాయో నాకేం తెలుసు, తొక్కేస్తాను."

నస్తా వెనక్కి తిరిగి గుమ్మంలోకి వచ్చింది. తల్లి లోపల నిలబడి అంతా విన్నది. పొయ్యి మీద సంకటి బుడగలు వేస్తోంది. ఇంతమందికి కలిపి పెట్టాలి. ఇద్దరు చేసే పని.

"అమ్మా, ఇది దించేసి..."

ఫ్లోరికా ఆమె చేతిలోంచి గరిటె లాక్కుంది. తన తలగుడ్డ విప్పి కూతురి తలకు కట్టి, గడ్డం కింద ముడి వేసింది. ముడి కుదరక మళ్ళీ వేసింది.

"ఆయనకు కుడిపక్కన నడువు. చెయ్యి పట్టుకోకు, ఊరుకోడు. పడబోతే మాత్రం పట్టుకో," అంది. "ఇంకా నిలబడ్డావేం?"

"నువ్వొక్కదానివే ఎలా..."

"వెళ్ళమన్నానా," అని ఫ్లోరికా కూతుర్ని వీపు మీద చెయ్యి వేసి వసారాలోకి నెట్టింది. ఆమె కళ్ళు నిండడం నస్తాకు కనిపించింది. అంతలోనే తల్లి తలుపు వేసేసింది.