సగం ఎరుపు ఫియట్

"కాలరు వదలండి."

ఇన్‌స్పెక్టర్ పుష్పావతి ఆ మాట అరిచి చెప్పలేదు. అరిచే ఓపిక లేదు. లాఠీతో మెట్ల రెయిలింగ్ మీద రెండుసార్లు కొట్టింది.

కుందలహళ్ళిలో మూడంతస్తుల అద్దె ఇల్లు. రెండో అంతస్తు వరండాలో ఒక కుర్రాడు గోడకు అదుముకుపోయి ఉన్నాడు. అతని కాలరు ఒక నడివయసు మనిషి పిడికిట్లో ఉంది.

"మా తమ్ముణ్ణి చంపాడు మేడమ్! వీణ్ణి నేనే చంపేస్తా!"

కానిస్టేబుల్ ఓబులేష్ ఆ పిడికిలి విడదీశాడు. కుర్రాడు దగ్గుతూ కిందికి జారిపోయాడు. పేరు అచ్యుత్. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చనిపోయిన ఇస్సాకుకు స్నేహితుడు. చావు కబురు విని తిరిగొచ్చాడు. కాలరు పట్టుకున్నది ఇస్సాకు అన్న శామ్యూల్.

"నేను వెళ్ళిపోయేటప్పటికి ఇస్సాకన్న బాగానే ఉన్నాడు మేడమ్. ప్రామిస్," అన్నాడు అచ్యుత్.

పుష్పావతి ఫోన్ మోగింది. ఏసీపీ.

"జనమే పట్టిచ్చారట కదా. అరెస్ట్ చూపించెయ్. రాత్రికి ప్రెస్‌నోట్ ఇద్దాం."

"సార్."

రెండు రోజులుగా నిద్ర లేదు. మోకాలు సలుపుతోంది. ఈ కుర్రాణ్ణి స్టేషన్‌లో అప్పజెప్పి ఇంటికెళ్ళి పడుకోవచ్చు. అతని బతుకు అక్కడితో ముగుస్తుంది. అంతే.

"జీపులో కూర్చోబెట్టు. చెయ్యి చేసుకోవద్దు," అని లోపలికి నడిచింది.

చిన్న గది. రంగులు కడిగే థిన్నర్ వాసన. ఇస్సాకు బోర్లా పడి ఉన్నాడు. నలభై మూడేళ్ళుంటాయి. తల వెనక రెండు దెబ్బలు. పక్కనే ముక్కల్ని బిగించి పట్టే చిన్న ఇనుప వైస్. దాన్ని ఎవరో థిన్నర్‌తో శుభ్రంగా తుడిచారు.

టేబుల్ మీద అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ కారు. పాత ఫియట్. ఎడమవైపు మీగడ రంగు, అద్దంలా మెరుస్తోంది. కుడివైపంతా ఎరుపు. ఇంకా తడి.

కప్పులో కలిపిన ఎర్ర రంగు సగం మిగిలే ఉంది. రంగు చిమ్మే ఎయిర్ బ్రష్, లావు పెన్నులా ఉండేది, స్టాండుకు వేలాడుతోంది. పుష్పావతి దాని మూతిలోకి టిష్యూ కొన దూర్చి తీసింది.

ఒక్క ఎర్ర మరక లేదు.

"నీటైన మనిషి మేడమ్," అన్నాడు ఓబులేష్.

పుష్పావతి పక్కకు తిరిగింది. గోడకు అద్దాల బీరువా. దాన్నిండా చిన్న చిన్న కార్లు, ప్రైజు కప్పులు. ప్రతి కప్పు మీదా ఇస్సాకు పేరే.

కిందికి దిగి జీపు దగ్గర ఆగింది.

"ఎందుకు గొడవపడ్డారు?"

"వచ్చేవారం మోడల్ కార్ల ఎగ్జిబిషన్ ఉంది మేడమ్. అన్న ఆ ఫియట్ పెడతానన్నాడు. దానికి రెడీమేడ్ కిట్ దొరకదు. ప్లాస్టిక్ షీట్ కోసి ప్రతి పార్టూ చేత్తో చేసింది. స్పీడోమీటర్ ముల్లు వెంట్రుకంత ఉంది. అన్నకి చెయ్యి వణుకుతుంది మేడమ్. ఇది నీ పని కాదు, ఎవరు చేశారన్నా అని అడిగా. గెటౌట్ అన్నాడు. వచ్చేశా."

"దానికి ఎర్ర రంగు ఎందుకేస్తున్నాడు?"

అచ్యుత్ మొహం పాలిపోయింది. "ఫియట్‌కా? చివరి మెరుపు పూత, క్లియర్ కోట్ కూడా అయిపోయింది మేడమ్ దానికి! ఎవరైనా అంత పని చేస్తారా?"

"సరే. మధ్యలో ఎయిర్ బ్రష్ కడగకుండా వదిలేస్తే?"

"జామ్ అయిపోతుంది. ఇల్లు అంటుకున్నా దాన్ని కడిగే బయటికి పరిగెత్తుతాం మేడమ్."

చెప్పేశాక అతనికే అర్థమైనట్టుంది. ఆ మాట తన మెడకే చుట్టుకుంటుందని. తల దించుకున్నాడు.

ఇంటి ఓనరు శ్రీనివాసప్ప గేటు దగ్గరే కాచుకుని ఉన్నాడు.

"మాది హొసకోటె అమ్మా. ఆ పిల్లోడు నాలుగిరవైకి గేటు దభాల్న ఏసి పోయినాడు. క్యామెరాలో ఉండాది, చూసుకో."

"చావు కబురు తెలియకముందు మళ్ళీ వచ్చాడా?"

"రాలేదు. ఇస్సాకప్ప మాత్రం ఆ రంగు చిమ్మే గాలి మోటారు గుర్రుమనిపిస్తానే ఉన్నాడు. ఆదివారం పొద్దు కన్ను మూయనిస్తాడా? ఖాళీ చెయ్యప్పా అని ఎన్నితూర్లు చెప్పినానో!"

"మోటారు ఎప్పుడు వేశాడు?"

"పిల్లోడు పోయినాకనే. ఒక గడియ మోగి, టక్కన నిల్చిపోయ. అబ్బా అని అప్పుడు పండుకున్యా."

పుష్పావతి కళ్ళు నులుముకుంది. నిద్ర ఎగిరిపోయింది. సంతోషం మాత్రం కలగలేదు.

పైన హాల్లో ఇస్సాకు భార్య వర్షిణి సోఫా అంచున కూర్చుని ఉంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఏడుపు ఆగిపోయి చాలాసేపైనట్టుంది.

"అప్పుడు మీరెక్కడున్నారు?"

"వంటింట్లో. మిక్సీ వేస్తున్నా. ఐదు పదికి టీకి పిలిచా. పలకలేదు. గుమ్మంలోంచి చూశా."

"లోపలికి వెళ్ళలేదా?"

"ఆ గదిలో నేను అడుగు పెట్టను మేడమ్. వాసన పడదు."

"ఆ కార్ల సంగతి మీకేమైనా..."

"నాకేం తెలుసు? ఆయన పిచ్చి ఆయనది."

ఆమె తల పైన గోడకు ఒక ఫోటో ఉంది. ఖాకీ చొక్కా మనిషి ఒక కారు బానెట్ మీద చెయ్యేసి నిలబడ్డాడు. పాత ఫియట్. మీగడ రంగు.

పుష్పావతి దాన్ని చూసింది. చూడకుండా ఉంటే బాగుండేదనిపించింది.

ఓబులేష్ చెవిలో ఏదో చెప్పింది. అతను ఇస్సాకు గది అరలోంచి ఒక ట్రే తెచ్చి టీపాయ్ మీద పెట్టాడు. టిష్యూలు. ఒకే సైజు సీసాలు మూడు. మూడింట్లోనూ నీళ్ళలాంటి ద్రవం, మూడింటి మీదా జపాన్ అక్షరాలే. చిన్న రంగు సీసా ఒకటి. పుష్పావతి దాని మూత తీసి పక్కన పెట్టింది. అంచు మీద రంగు కారింది. పైన ఫ్యాన్ తిరుగుతోంది.

శామ్యూల్‌నీ శ్రీనివాసప్పనీ కూడా పిలిచి కూర్చోబెట్టింది. అడిగినవే మళ్ళీ అడిగింది. నెమ్మదిగా. ఆవలింతల మధ్య.

శామ్యూల్ మోచెయ్యి తగిలి రంగు సీసా ఊగింది. విసుగ్గా దూరం జరిపాడు.

"ఏం కంపమ్మా ఇది!" శ్రీనివాసప్ప మూత తీసుకుని వంకరగా దాని మీద బోర్లించాడు. పుష్పావతి ఏమీ ఎరగనట్టు మళ్ళీ తీసేసింది.

"శామ్యూల్ గారూ, మీ తమ్ముడికి అప్పులున్నాయా?"

"లేవు మేడమ్. వాడికి ఈ కార్లే లోకం. ఎన్ని ప్రైజులో! అంతా వాడి చేతి చలవ."

వర్షిణి చూపు సీసా మీద పడింది. తప్పుకుంది. మళ్ళీ పడింది. అంచు మీద రంగు చిక్కబడుతోంది.

"ఆ చేతిలో అంత పనితనం ఉండేదన్నమాట," అంది పుష్పావతి.

వర్షిణి చెయ్యి కదిలింది. టిష్యూ లాగింది. మూడు సీసాల్లో మధ్యది అందుకుంది. టిష్యూ తడిపింది. రంగు సీసా అంచు చుట్టూ తుడిచింది. మరలు తుడిచింది. మూత బిగించింది.

పుష్పావతి ముందుకు వంగింది.

"మీ బావగారు పక్కకు నెట్టారు," అంది పుష్పావతి. "ఓనరు గారు మూత పెట్టారు. మీరు తుడిచి పెట్టారు."

"వంటింట్లో ఊరగాయ జాడీ తుడవమా మేడమ్? అలవాటు."

"తుడుస్తాం. కానీ ఆ మూడు సీసాల్లో థిన్నర్ ఏదో నాకు తెలీదు. వాసన చూస్తే తప్ప ఓబులేష్‌కీ తెలీలేదు. ఆ గదిలో అడుగు పెట్టని మీరు చదవకుండానే తీశారు."

వర్షిణి తన వేళ్ళకేసి చూసుకుంది.

"ఇస్సాకు రంగు వేస్తుండగా చనిపోయాడు. కారు సగమే అయింది. కప్పులో రంగు అలాగే ఉంది. ఎయిర్ బ్రష్ మాత్రం కడిగి ఉంది. చచ్చినవాడు కడగడు. ఈ పని తెలియనివాళ్ళకు కడగాలన్న ధ్యాసే రాదు. తెలిసిన అచ్యుత్ నాలుగిరవైకి గేటు దాటాడు. మోటారు ఆ తర్వాత మోగింది."

"మా వర్షిణికి ఇవేం తెలుసు మేడమ్?" శామ్యూల్ లేచి నిలబడ్డాడు. "చెప్పమ్మా!"

వర్షిణి గోడ మీది ఫోటో వైపు తిరిగింది.

"మా నాన్న టాక్సీ అది బావగారూ. దాన్ని తోలే నన్ను చదివించాడు. ఆ కారు చెయ్యడానికి రెండేళ్ళు పట్టింది నాకు. కప్పులన్నీ ఆయన పేరు మీదే వచ్చాయి. మనిద్దరిదీ ఒకటే కదా అనేవాడు. ఊరుకున్నా. ఇవాళ అచ్యుత్ అలా అడిగి వెళ్ళాక, ఎర్ర రంగు వేసేస్తే ఇది నీ పని అని ఎవడంటాడో చూస్తా అన్నాడు. వద్దన్నా. చెయ్యి పట్టుకున్నా. నవ్వుతూ వేశాడు."

"ఎయిర్ బ్రష్ ఎందుకు కడిగారు?"

"కడిగానా?" ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. "గుర్తే లేదు మేడమ్. రోజూ కడిగేది నేనేగా."

శామ్యూల్ కూలబడ్డాడు. శ్రీనివాసప్ప కండువాతో మొహం తుడుచుకున్నాడు.

పుష్పావతి ఫోన్ మళ్ళీ మోగింది. ఏసీపీ. కట్ చేసింది.

"అచ్యుత్‌ని జీపులోంచి దించు ఓబులేష్. తాగడానికి నీళ్ళివ్వు. తర్వాత వచ్చి పంచనామా రాయి."

ఓబులేష్ వెళ్ళి వచ్చాడు. పెన్ను తీశాడు. "ఏమని రాయను మేడమ్?"

పుష్పావతి కుర్చీ చెయ్యి పట్టుకుని లేచింది. మోకాలు కలుక్కుమంది.

"టేబుల్ మీద ఫియట్ కారు బొమ్మ ఒకటి. చేసినవారు, వర్షిణి."

వర్షిణి తలెత్తింది. ఆ మాట పైకి ఎవరైనా అనగా వినడం ఆమెకు అదే మొదటిసారి.

"రాశాను మేడమ్. ఇస్సాకును చంపినవారు?"

బయట వాన మొదలైంది. పుష్పావతి కిటికీ వైపు తిరిగి, అలసిపోయిన ఆ గొంతుతోనే చెప్పింది.

"వర్షిణి."