అబ్బులు గారి ధీమా

ఆసుపత్రి మెట్ల దగ్గర పడవ దిగిన ఉత్పల పైకి ఎక్కకుండా నిలబడిపోయింది. సముద్రం పైకొచ్చి కాకినాడలో పల్లపు వీధులన్నీ కాలువలైపోయాక పడవ దిగడం ఎవరికీ కొత్త కాదు. పైన మంచం మీదున్న మనిషికి ముఖం చూపించడమే ఆమె భయం. పెద్దపేగుకు చిల్లుపడి వారం కిందట ఆపరేషన్ చేయించుకున్న లాంచీ సరంగు అబ్బులు, ఆమె దగ్గర శిక్షణ పొందిన రోగులందరిలోకీ ధైర్యవంతుడు.

అబ్బులుకున్న పేగువాపు జబ్బు మనిషిని నెమ్మదిగా నమిలేస్తుంది. ఎప్పుడు కడుపు మెలిపెడుతుందో, ఎప్పుడు నెత్తురు పడుతుందో తెలియక రోగి ఇల్లు కదలడు. తన జబ్బును తాను సంబాళించుకోగలనన్న నమ్మకం ఉన్నవాళ్ళు త్వరగా కుదుటపడతారని వైద్యులు ఎప్పుడో గమనించారు. ఆ నమ్మకాన్ని కొలవడానికి వచ్చిందే ధీమాబిళ్ళ. గుండె పక్కన అతికిస్తే చాలు, గొంతునీ నాడినీ చెమటనీ చూసి లోపలి ధీమా ఎంతో రంగులో చెప్పేస్తుంది. పచ్చగా వెలిగితే రోగి తన వైద్యం తానే చూసుకుంటాడు. ఎర్రగా వెలిగితే నర్సు ఇంటికొస్తుంది. దాన్ని మోసం చెయ్యడం ఎవరి తరమూ కాదని అందరూ తెగ మురిసిపోయారు.

ఎరుపును పచ్చ చెయ్యడం ఉత్పల ఉద్యోగం. దానికి ఆసుపత్రివాళ్ళు పెట్టుకున్న పద్ధతి పేరు ఎదురడుగు. రోగి ఏమడిగినా జవాబు చెప్పకూడదు. మీరేమనుకుంటున్నారని తిరిగి అడగాలి, చెప్పినదాన్ని మెచ్చుకోవాలి. మొదట్లో వీధి చివరికి వెళ్ళడానికే జంకిన అబ్బులు, ఏడాది తిరిగేసరికి మళ్ళీ లాంచీ చుక్కాని పట్టాడు. ఇంట్లో చెప్పుకోవడానికి ఎవరూ లేరు కనక, ఆ రోజు కాజాల పొట్లం పట్టుకుని ఉత్పల దగ్గరకే వచ్చాడు. ఆమె పొంగిపోయింది.

పది రోజుల కిందట మధ్యాహ్నం ఫోన్ చేశాడు. జ్వరంగా ఉంది, కడుపు బిర్రుగా ఉబ్బింది, నెత్తురు కాస్త ఎక్కువే పడుతోంది, ఏం చెయ్యమంటారని అడిగాడు. ఉత్పల అన్నం తింటోంది. అలవాటైన నోరు దాని పని అది చేసుకుపోయింది. మీరేమనుకుంటున్నారని అడిగింది. మాత్ర ఇంకోటి వేసుకుని, మజ్జిగ తాగి పడుకుంటానన్నాడు. శభాష్ అంది. బిళ్ళ పచ్చగానే ఉందని అతను చెప్పాక నిశ్చింతగా మరో ముద్ద కలుపుకుంది. ఇప్పుడు ఆ ముద్ద గుర్తొస్తే ఒంటిమీద తేళ్ళూ జెర్రులూ పాకినట్టుంది.

ఆమెను చూసి అబ్బులు లేవబోయాడు. పొట్ట పక్కన తగిలించిన మలం సంచీ కనపడకుండా దుప్పటి లాక్కున్నాడు.

"తమరికి మాట తెచ్చానండి," అన్నాడు. "అంత బాగా నేర్పించారా, నేనే ఎక్కడో తప్పు చేసుంటానండి."

ఉత్పలకు తల కొట్టేసినట్టయింది. నొప్పి పెరిగినప్పుడు భయం వెయ్యలేదా అని అడిగింది. వేసిందట. ఆమె నేర్పినట్టు తనను తానే అడిగి చూసుకుంటే పోయిందట. పక్కింటివాళ్ళు తలుపు విరగ్గొట్టి మోసుకొచ్చేదాకా బిళ్ళ పచ్చగానే ఉందట.

ఇంటికి ఒంటరిగా పంపాలా, నర్సును తోడివ్వాలా అన్నది ఆ సాయంత్రం బిళ్ళే తేలుస్తుంది. డాక్టరమ్మ మాట కూడా దాని ముందు చెల్లదు. ఇప్పటికీ అది గరికంత పచ్చగా ఉంది. ఈ మనిషి మానని గాయంతో ఇంటికెళ్ళి, చీము పట్టినా చూసుకోగలననుకుని పడుకుంటాడు.

"ఇంటికాడ నేను చూసుకోగలనంటారాండి?" అన్నాడు అబ్బులు. ఎదురడుగు వస్తుందని తెలిసి ముందే నవ్వుతున్నాడు.

"చూసుకోలేరు," అంది ఉత్పల. "ఆ రోజు ఫోన్లో మీరు చెప్పింది తప్పు, అబ్బులు గారూ. వెంటనే ఆసుపత్రికి పొమ్మని నేను చెప్పాల్సింది. చెప్పలేదు. పాపం నాదే. కానీ మళ్ళీ మీ అంతట మీరు వైద్యం చేసుకుంటే ఈసారి బతకరు."

అతని నవ్వు అలాగే కాసేపు ఉండి, మెల్లగా పోయింది. బిళ్ళ పసుపుకు తిరిగింది, ఆపైన ఎర్రబడింది. అప్పుడే తలుపు దగ్గరికొచ్చిన డాక్టరమ్మ అది చూసి, నర్సు ఖాయమని చెప్పి వెళ్ళిపోయింది. ఉత్పల కోరుకున్నది అదే. గండం గడిచిందని ఊపిరి పీల్చుకుంది.

పక్క బల్ల మీద మంచినీళ్ళ గ్లాసు ఉంది. అబ్బులు దానివైపు చెయ్యి చాపి, మధ్యలో ఆపేశాడు. వరద గోదావరిలో లాంచీ నడిపిన చెయ్యి అది.

"నీళ్ళు తాగొచ్చాండి?" అని అడిగాడు.

తాగండి అంది ఉత్పల. ఎన్ని గుక్కలో కూడా ఆమె చెప్పేదాకా అతను గ్లాసు ముట్టుకోలేదు.