అంబాసిడర్ అద్దానికి అవతల

"మీరమ్మింది రబ్బరా, ఎండిన తోలా?"

ఉరవకొండలో కృపాకుమారి వాళ్ల షెడ్డు ముందు పాత అంబాసిడర్ ఆపి, దిగీ దిగగానే అరిచాడు విజయభాస్కర్. వెనక సీట్లో అతని తల్లి నల్లమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకుని ఆగకుండా దగ్గుతోంది.

కృప చేతిలోని పానా పక్కన పెట్టి లేచింది. తండ్రి ఇమ్మానుయేల్ నడుము పట్టేసి మంచం ఎక్కినప్పటి నుంచి షెడ్డు పనంతా ఆమెదే. హారన్ మోగలేదనీ, లైటు వెలగలేదనీ భాస్కర్ తరచూ వచ్చేవాడు. అవన్నీ వంకలని ఆమెకు తెలుసు. తెలిసే టీ తెప్పించేది. ఇవాళ అతని మొహంలో ఎప్పుడూ ఉండే నవ్వు లేదు.

"ముందు అమ్మను దించన్నా. కొట్లాట తర్వాత."

"అన్నా అనొద్దని ఎన్నిసార్లు చెప్పల్ల నీకు?"

నల్లమ్మను లోపల ఇమ్మానుయేల్ మంచం పక్కన కూర్చోబెట్టి, నీళ్లిచ్చి వచ్చి, కృప కారు తలుపు తెరిచింది. దుమ్ము రాకుండా తలుపు చుట్టూ అంటించే కొత్త రబ్బరు బీడింగ్ మూలల దగ్గర లేచిపోయి ఉంది. సీట్ల నిండా ఎర్రటి దుమ్ము.

"ఎవురంటించింది?"

"నేనే."

"పాత గమ్ము గీకకుండా, దాని మీదనే అంటించినావు. సాగదీసి అంటించినావు. అది మళ్లా ముడుచుకోదా? నా దగ్గరికి రాకుండా నీకెందుకప్పా ఈ పని?"

భాస్కర్ చూపు తిప్పుకున్నాడు. "ఆదివారం గుంతకల్లు వాళ్లు నిన్ను చూసేకి వస్తాండారని, రబ్బరు కొన్న పొద్దే మీ నాయన చెప్పినాడు. ఇంగ నేను ఈడికి ఏ మొహంతో వచ్చేది?"

కృప అటు తిరిగి ముందద్దం చుట్టూ వేలితో తడిమింది. ఎండకు బీటలు వారిన రబ్బరు పొడిపొడిగా రాలింది.

"ఇది కూడా మార్చల్ల."

"అద్దం పగిలితే? ఆ మోడల్ది మళ్లా దొరకదు. రేపు అమ్మను అనంతపురం ఆస్పత్రికి తీసుకుపోవల్ల. బస్సులో ఆ దుమ్ముకు తట్టుకోలేదు."

"నమ్మకం లేకుంటే బండి తీసుకుపో."

అతను బండిని రేకుల కిందికి తోసి, చొక్కా చేతులు మడిచాడు.

ఇద్దరూ కలిసి తలుపుల చుట్టూ పాత గమ్మును గీకి, తుడిచారు. కృప కొత్త బీడింగ్‌ను లాగకుండా, మూలల దగ్గర కాస్త ఎక్కువే వదులుతూ అంటించింది. అతుకు కిందివైపు వచ్చేలా చూసింది. ఇద్దరి చేతులూ తగిలినప్పుడల్లా ఎవరో ఒకరు చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

అద్దం ఊడదీసేసరికి బయట గాలి లేచింది. రేకులు దడదడలాడుతున్నాయి. తడి గమ్ము మీద దుమ్ము పడితే చేసిందంతా వృథా.

"తొందరగా!" అంది కృప.

అద్దం అంచుకు కొత్త బీడింగ్ తొడిగి, దాని గాడిలో సన్నని తాడు పెట్టి, సబ్బు నీళ్లు పూసింది. ఇద్దరూ అద్దాన్ని ఎత్తి దాని చోట కూర్చోబెట్టారు. ఆమె కారులోకి దూరి తలుపులు మూసుకుంది. అతను బయట బానెట్ మీదికి వంగాడు.

"గుద్దొద్దు. అరచేత్తో మెత్తగా ఒత్తు. నేను తాడు లాగే చోటే ఒత్తల్ల!"

తాడు కొంచెం కొంచెంగా వస్తుంటే రబ్బరు అంచు కారు రేకు మీదికి ఎక్కుతోంది. ఆమె చెయ్యి కదిలిన చోటికి అతని అరచెయ్యి కదులుతోంది. పై మూల దగ్గర అద్దం కిర్రుమంది.

ఇద్దరూ బిగుసుకుపోయారు. అతని నుదుటి మీద చెమట. ఆమె ఊపిరి బిగపట్టి, అక్కడ సబ్బు నీళ్లు ఇంకాస్త పూసి, వెంట్రుక లాగినంత నెమ్మదిగా లాగింది. రబ్బరు మెత్తగా జారి కూర్చుంది. తాడు మొత్తం చేతిలోకి వచ్చేసింది.

ఒక్కసారిగా కారు లోపల గాలి మోత తగ్గిపోయింది.

అప్పుడు చూసింది కృప. అద్దానికి అవతల, జానెడు దూరంలో అతని మొహం. గాలిలో గట్టిగా ఏదో అరుస్తున్నాడు. పెదాలు కదలడం కనిపిస్తోంది గానీ ఒక్క ముక్క వినబడటం లేదు.

తలుపు తీసుకుని దిగింది. "ఏమన్నావు?"

"ఏం లేదు. అద్దం బాగా కూర్చుండాది అంటి."

"అబద్ధాలు చెప్పొద్దురా!" లోపల్నుంచి నల్లమ్మ కేకేసింది. "ఆదివారం వాళ్లను రావద్దను, నిన్ను నేను చేసుకుంటా అని షెడ్డు ఎగిరిపోయేట్టు అరిచినావే!"

భాస్కర్ చెవులు ఎర్రబడ్డాయి. కృప బిత్తరపోయి లోపలి గడప వైపు చూసింది. మంచం మీద ఇమ్మానుయేల్ నడుము పట్టుకుని మెల్లగా లేచి కూర్చున్నాడు.

"నాకూ ఇనపడ్యా," అన్నాడు. కాసేపు కూతురి మొహంలోకే చూశాడు. "గుంతకల్లు వాళ్లకు ఫోన్ చేసి ఏమని చెప్పల్లమ్మా?"

"పిల్ల ఒప్పుకోలేదని చెప్పు నాయనా."

ఇమ్మానుయేల్ దిండు కింద ఫోన్ కోసం తడుముకున్నాడు. నల్లమ్మ దగ్గుతూనే నవ్వింది.

కృప తిరిగి భాస్కర్ ఎదురుగా వచ్చి నిలబడింది. చేతులకు ఇంకా సబ్బు నురగ.

"వాళ్లిద్దరూ ఇన్నారు. నేనే ఇనలేదు," అంది. "మళ్లా చెప్పు."