తడి తెరకు రెండు వైపులు

సూర్యాపేటలో 1967 ఎండాకాలం ఎగ్జిబిషన్ చూసినవాళ్లకు ఇప్పటికీ గుర్తున్నది ఒక్కటే: ఓంప్రకాష్ సేటు వేసిన పాతకాలపు సినిమా డేరా. చేత్తో తిప్పే మిషను, మాటల్లేని బొమ్మలు, మధ్యలో తెల్ల బట్ట తెర. తెరను నీళ్లతో తడిపితే బొమ్మ అవతలికీ కనబడేది. మిషను వైపు బెంచీలకు పావలా, తెర వెనక నేలకు పది పైసలు.

తెర తడిపే పని వీరయ్యది. ఆ వీరయ్య ఒకరోజు పొద్దున్నే కోదాడలో బస్సు దిగి, ప్రైవేటు డిటెక్టివ్ రాధాకృష్ణ గుమ్మంలో నిలబడ్డాడు.

"రెండో రీలు పోయింది సారూ. నిన్న మాపటి ఆటల, మొదటి రీలు ఆడుతుంటెనే పోయింది. పెట్టె నా పక్కనే ఉంటది. నేనే దొంగనంటున్నరు. ఇయ్యాల పొద్దుగూకే లోపల తేకపోతే సేటు నన్ను ఠాణాకు పంపుతడట."

"పెట్టె తెర వెనక ఎందుకు?"

"రీలు పెట్రోలు లెక్క అంటుకుంటది. మిషనుకు దూరంగ, నీళ్ల తొట్టి కాడ పెడ్తరు."

"పక్కనే ఉండి చూడలేదా?"

"కత్తి యుద్ధం వస్తున్నది సారూ. ఇరవై రోజులాయె సూడబట్టి, అయినా కన్ను తిప్పుకోలేను. ఆ హీరో ఎడమ చేత్తో కత్తి తిప్పుతుంటే..." వీరయ్య సిగ్గుపడి ఆగిపోయాడు.

రాధాకృష్ణ లేచాడు. అసిస్టెంటు భద్రు అప్పటికే చెప్పులు వేసుకున్నాడు. సారు లేస్తే కేసు సగం తేలినట్టేనని అతని నమ్మకం.

మధ్యాహ్నం డేరాలో విచారణ. మిషను తిప్పే ఫకీరా చేతులు చూపించాడు. "పిడి వదిలితే బొమ్మ ఆగుతది సాబ్. జనం నన్ను బతకనిస్తరా?"

ఓంప్రకాష్ ఆటంతా గేటు దగ్గరే ఉన్నాడు. ఇక మిగిలింది అతని బామ్మర్ది కిషన్.

"మిర్యాలగూడ నుంచి నిన్ననే వచ్చిన. ఆ ఒక్క ఆటనే సూసిన. ముందు బెంచీ మీద కూసున్న, లేవనే లే."

"బాగుందా?"

"ఏం బాగు? మూగ బొమ్మలు! ఇది ఖతం చేసి ఈ జాగల జెయింట్ వీల్ పెట్టు బావా అంటే ఇనడు. కత్తి యుద్ధం ఒక్కటి జర నయం. ఎడమచేతి వాటపోడు, మస్తు తిప్పిండు."

వీరయ్యకు ఒళ్లు మండింది. తనకు నచ్చిందే ఈ మనిషికీ నచ్చినందుకు.

రాధాకృష్ణ అందరినీ పిలిచి ముందు బెంచీ మీద కూర్చోబెట్టాడు. డేరా పరదాలు దించారు. వీరయ్య తెర తడిపి వచ్చి వాళ్ల పక్కన నిలబడ్డాడు. ఫకీరా మొదటి రీలు తిప్పాడు. హీరో కత్తి దూశాడు. కుడి చేత్తో.

వీరయ్య నోరు తెరిచాడు.

"వెనక నుంచి చూస్తే బొమ్మ తిరగబడుతుంది," అన్నాడు రాధాకృష్ణ. "వీరయ్య ఇరవై రోజులూ వెనకే ఉన్నాడు. అతనికి హీరో ఎడమచేతి వాటమే. కిషన్ గారూ, ముందు బెంచీ దిగని మీకు ఎట్లా అయ్యాడు?"

"ఏదో... యాది మరిచి అన్న."

"కాదు. అందరి కళ్లూ తెర మీదుండగా వెనక్కి వెళ్లి పెట్టె తెరిచారు. మీ కళ్లు కూడా కాసేపు తెర మీదకే పోయాయి. రీలు లేకపోతే డేరా మూతపడుతుంది, జాగా ఖాళీ అవుతుంది. ఎక్కడ పెట్టారు?"

కిషన్ తన బావ ముఖం చూశాడు. అక్కడ దయ లేదు.

"ఎగ్జిబిషన్ ఎనక రైస్ మిల్లుల. తవుడు బస్తాల."

అరగంటలో భద్రు రీలు తెచ్చాడు, ఒంటినిండా తవుడుతో. వీరయ్య దాన్ని అందుకుని, తవుడు దులిపి పెట్టెలో పెట్టాడు.

"మనసుల పెట్టుకోకు వీరయ్యా," అన్నాడు ఓంప్రకాష్. "మాపటి ఆటకు జల్ది రా."

"వస్త సేటూ. మరి కిషన్ బాబును గూడ ఠాణాకు పంపుతరా?"

వీరయ్య జవాబు కోసం ఆగలేదు.

ఇంటి ముందు అతని భార్య కాటమ్మ నిలబడి ఉంది. పోలీసులొచ్చేలోపు తుంగతుర్తిలోని తన పుట్టింటికి పారిపోదామని బట్టలన్నీ ముల్లె కట్టింది.

"ముల్లె ఇప్పవే," అన్నాడు వీరయ్య. "ఆకలైతున్నది."